కార్పొరేటర్ మేడం ఫోన్ ఎవరెత్తుతారు?

[దృశ్యం: విశాఖ, పెద జాలారిపేట సందు. కుళాయి దగ్గర బిందెల వరుస. ఎవరో ఫోన్ చేస్తున్నారు.]

"కార్పొరేటర్ మేడమేనా అండీ?"
"వాళ్లాయన్ని. చెప్పండి."

వాయిస్: గెలిచింది ఆవిడ, మాట్లాడేది ఆయన. మనం నవ్వుకుంటాం. నవ్వి, ఈ మహిళా రిజర్వేషన్లన్నీ దండగ అనేస్తాం. అక్కడ కాసేపు ఆగండి.

[తెరపై: 2004]

రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో కలిసి పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల లెక్కలు తీశారు. ఏ ఊళ్లో మహిళే సర్పంచ్ కావాలన్నది అక్కడ లాటరీలాగే తేలింది కాబట్టి పోలిక గట్టిది. మహిళలకు కేటాయించిన ఊళ్లలో మంచినీళ్ల పనులు ఎక్కువ జరిగాయి. బిందె మోసేవాళ్లకే కదా, కుళాయి ఎంత దూరమో తెలిసేది!

2012లో వచ్చిన మరో అధ్యయనం నాకింకా నచ్చింది. బెంగాల్‌లో రెండు దఫాలు మహిళలే ప్రధానులుగా, అంటే పంచాయతీ పెద్దలుగా, ఉన్న ఊళ్లలో చదువులో అమ్మాయిలు అబ్బాయిలతో సమానమయ్యారు.

[దృశ్యం: కాపులుప్పాడ డంపింగ్ యార్డుకు వెళ్తున్న చెత్త లారీలు]

ఐక్యరాజ్యసమితి 2015లో 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుంది. అయిదోది లింగ సమానత్వం. నాయకత్వంలో సమాన అవకాశం అందులో భాగమే. అంత పెద్ద మాట విశాఖకొస్తే ఏమవుతుంది? నీళ్లు, చెత్త, కాలువ, వీధి దీపం. అన్నీ వార్డు పనులే.

అసెంబ్లీకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. కార్పొరేటర్‌కి 21 చాలు. జీవీఎంసీలో, అంటే మన విశాఖ కార్పొరేషన్‌లో, 98 వార్డులు, మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలవే. కాగితం మీద దారి బాగానే ఉంది. కానీ 2012లో కౌన్సిల్ గడువు ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలోనే. 2012లో 21 నిండిన అమ్మాయికి మొదటి అవకాశం 30 ఏళ్లకొచ్చింది! ఈలోగా పెళ్లి, ఉద్యోగం, హైదరాబాద్.

[దృశ్యం: అరకు కొండలు]

అలాగని వయసు అడ్డమేమీ కాదు. 2019లో అరకు నుంచి ఎంపీగా గెలిచిన గొడ్డేటి మాధవికి అప్పటికి 27 నిండలేదు. అంతకుముందు ఆవిడ పీఈటీ టీచర్.

ఇంకో చిక్కు. రిజర్వేషన్ సీట్లు మారుతుంటాయి. ఒక వార్డులో పనిచేసి పేరు తెచ్చుకున్నావిడతో, "ఈసారి జనరల్ అయిపోయిందమ్మా" అంటారు, అక్కడికి ఆవిడ పని అయిపోయినట్టు. జనరల్ అంటే ఆడవాళ్లు కూడా పోటీ చేయొచ్చని అర్థం. మీ వార్డు జనరల్ అయితే టికెట్ అడిగినవాళ్లలో ఆడపిల్లలెవరైనా ఉన్నారా? వార్డు నంబరుతో కామెంట్‌లో రాయండి.