చైనా పక్షి యాత్ర రివ్యూ: యున్నాన్ మాటులా, పసుపు సముద్రపు బురదా?

నమస్కారం. చైనాలో పక్షుల ఫొటోలు తీయడానికి ఏ లెన్స్ తీసుకువెళ్ళాలని అడిగేవారికి నేను ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తున్నాను. మీరు కూర్చుని తీయాలనుకుంటున్నారా, నిలబడి వెతకాలనుకుంటున్నారా? ఆ దేశంలో 1,400కు పైగా పక్షిజాతులు నమోదయ్యాయి. ఎడారి, పీఠభూమి, ఉష్ణమండలపు అడవి, సముద్రతీరం అన్నీ అక్కడే ఉన్నాయి కనుక, చైనా ట్రిప్ ఎలా ఉందంటే ఒక్క ముక్కలో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ వీడియోలో నేను సమీక్షించేది స్వయంగా చేసిన రెండు ప్రయాణాలను మాత్రమే. మొదటిది మార్చిలో యున్నాన్ ప్రావిన్స్ పడమటి కొండలకు, రెండవది సెప్టెంబరులో పసుపు సముద్రం ఒడ్డున ఉన్న జియాంగ్సు తీరానికి. రెండింటికీ నా వెంట మా బావగారు వచ్చారు. ఆయనకు పక్షుల మీద ఆసక్తి అంతంతమాత్రమే కనుక, ఆయన అభిప్రాయం కూడా ఈ సమీక్షకు అక్కరకు వస్తుంది.

కున్‌మింగ్ మీదుగా బావోషాన్ చేరుకుని, అక్కడి నుండి కారులో నూజియాంగ్ లోయ దాటి గావోలిగాంగ్ పర్వతాల తూర్పు వాలు ఎక్కితే బైహువాలింగ్ అనే ఊరు వస్తుంది. నూజియాంగ్ అంటే బర్మాలోకి ప్రవేశించిన తరువాత సాల్వీన్ అని పిలిచే నదే. ఈ ఊరి చుట్టుపక్కల అడవి అంచున ఊరివాళ్ళు కట్టిన మాటులు, అంటే దాక్కుని పక్షులను చూసే చోట్లు, వరుస సంఖ్యలతో ఉంటాయి. చైనా భాషలో వీటిని న్యావ్‌తాంగ్ అంటారు. పక్షుల మడుగు అని ఆ మాటకు అర్థం. కట్టుబడి చాలా సాదా. వాలులో చిన్న గుంత తవ్వి, ప్లాస్టిక్ పట్టా పరిచి, పైన నాచు, రాళ్ళు పేర్చి, సన్నని గొట్టంతో నీటిచుక్కలు పడేలా చేస్తారు. దానికి నాలుగైదు మీటర్ల దూరంలో మన తోటల్లో వాడే షేడ్ నెట్ వంటి గుడ్డతో పొడవాటి పందిరి కట్టి, లెన్స్ పట్టేంత కన్నాలు వదిలి, ఒక్కో కన్నం వెనుక ఒక్కో ప్లాస్టిక్ స్టూలు వేస్తారు. ఆ స్టూలుకే రోజు అద్దె. మేము మనిషికి 100 యువాన్లు ఇచ్చాము. సామాను మోసినవారికి కూలి వేరు.

ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్నది మేము రెండవ రోజు కూర్చున్న మాటు. ఉదయం ఏడు గంటలకు యజమాని ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. అందులో తవుడులో కదులుతున్న మీల్‌వార్మ్ పురుగులున్నాయి. మడుగు పక్కన పడివున్న దుంగకు వెనుకవైపు, కెమెరాకు కనిపించని చోట, వేలు పట్టేంత రంధ్రాలు తొలిచి ఉన్నాయి. ఆయన ఒక్కో రంధ్రంలో నాలుగేసి పురుగులు వేసి, పైన నాచు అద్ది, ముందు రోజు పడిన రెట్టను ఆకుతో తుడిచి, రెండడుగులు వెనక్కు వేసి దుంగను ఒకసారి పరీక్షగా చూసుకున్నాడు. పెళ్ళిమండపంలో ఫొటోకు ముందు దండ సర్దే పెద్దమనిషి ముఖం నాకు గుర్తుకు వచ్చింది. ఆయన వెళ్ళిన పది నిమిషాలకు రెడ్ టెయిల్డ్ లాఫింగ్‌థ్రష్‌లు జంటగా దిగాయి. రెక్కలు, తోక కుంకుమ రంగులో మండుతూ ఉండే ఈ పక్షి మామూలుగా దట్టమైన పొదల అడుగున తిరుగుతుంది. వేరే చోట దాన్ని అర సెకను చూడడానికి అర పూట పడుతుంది. ఇక్కడ అది నా ముందు పదకొండు నిమిషాలు ఉన్నది.

కాబట్టి ఫొటోల లెక్కలో యున్నాన్ మాటులకు నేను పూర్తి మార్కులు ఇస్తున్నాను. అయితే మా బావగారు ఆ సాయంత్రం తన ఫోన్‌తో తీసిన ఫొటోను చూపించినప్పుడు, నేను లక్షలు పోసి కొన్న సామానుతో తీసినదానికీ దానికీ తేడా వెతకవలసి వచ్చింది. తరువాత వారం రోజులు నెట్‌లో వెతికితే, అదే దుంగ, అదే నాచు, అదే భంగిమలో వేరేవారు తీసిన ఫొటోలు పదుల కొద్దీ కనిపించాయి. ఆ దుంగ ఇప్పుడు నాకు ఆ పక్షికన్నా బాగా గుర్తు.

లెన్స్ విషయం ఇక్కడే చెప్పాలి. మాటులో దూరం నాలుగైదు మీటర్లే. 600 ఎంఎం ఎఫ్/4 వంటి పెద్ద లెన్స్‌లు నాలుగు మీటర్లకన్నా దగ్గరలో ఫోకస్ కావు, ఫోకస్ అయినా నెమలికోడి (ఫెజంట్) వంటి పెద్ద పక్షి తోక ఫ్రేములో పట్టదు. మా పక్క స్టూలు మీద కూర్చున్న పెద్దాయన సిల్వర్ ఫెజంట్ వచ్చినప్పుడు దాని తల మాత్రమే తీయగలిగి, మిగతా సమయమంతా నిట్టూరుస్తూ గడిపాడు. అటువంటి లెన్స్‌లను అక్కడివారు దాపావ్, అంటే ఫిరంగి, అంటారు. 100-400 లేదా 180-600 జూమ్ ఒక్కటి చాలు. చెట్ల నీడలో వెలుతురు తక్కువ కనుక ఐఎస్ఓ 6400 వరకు పెంచడానికి సిద్ధపడి రండి. శబ్దం రాని షటర్ తప్పనిసరిగా పెట్టుకోండి.

మేత వేసి పక్షిని రప్పించడం సరైన పనేనా అని అడిగేవారు ఉంటారు, అడగవలసిందే. చైనాలోని పక్షిప్రేమికుల్లోనే దీని మీద గట్టి వాదన నడుస్తున్నది. ఎర వేసి తీసిన ఫొటోలను కొందరు అసలు లెక్కలోకే తీసుకోరు. వాళ్ళ వాడుకలో పక్షుల ఫొటో తీయడాన్ని దా న్యావ్ అంటారు. పిట్టను కొట్టడం అని దానికి మాటకు మాట అర్థం, వేటగాళ్ళ మాటే కెమెరాకు వచ్చింది. మన తెలుగులో మాటు అన్నదీ అటువంటిదే. పోలిక పదాలతో ఆగిపోలేదు. ఈ కొండల్లో మాటులు నడుపుతున్నవారిలో కొందరు ఒకప్పుడు ఇవే పక్షులను వేటాడినవారు. ఏ పిట్ట ఏ దారిన నీటికి వస్తుందో వాళ్ళకు తెలిసినంత పుస్తకాలు చదివినవారికి తెలియదు. బ్రతికి ఉన్న పక్షి రోజూ స్టూళ్ళ అద్దె తెచ్చిపెడుతున్నంత కాలం దాన్ని పట్టడానికి ఉచ్చు ఎవరూ పన్నరు. ఇంత మేలు కళ్ళ ముందు ఉండగా నేను మాటులను తప్పుపట్టలేను. కాని గూటి దగ్గర కట్టిన మాటుకు మాత్రం ఎవరు పిలిచినా వెళ్ళకండి.

అదే యున్నాన్‌లో బర్మా సరిహద్దున ఉన్న యింగ్‌జియాంగ్ కూడా చూశాము. హార్న్‌బిల్‌లకు, గ్రే పీకాక్ ఫెజంట్‌కు పేరుపడ్డ చోటు అది. దారిలో తనిఖీ కేంద్రాలు ఎక్కువ, పాస్‌పోర్టు చేతిలో లేకుండా గది దాటి బయటకు రాకూడదు. గ్రేట్ హార్న్‌బిల్ మన పడమటి కనుమల్లోనూ ఉంది కనుక, దాని కోసమే అయితే అంత దూరం పోనక్కరలేదు.

ఇక రెండవ ప్రయాణం. షాంఘై నుండి హైస్పీడ్ రైలులో దోంగ్‌తాయ్ చేరి, అక్కడ కారు మాట్లాడుకుని తూర్పుగా సముద్రం వైపు వెళితే త్యావోజినీ అనే తీరం వస్తుంది. ఆర్కిటిక్ నుండి ఆస్ట్రేలియా దాకా పోయే తీరపు పక్షులు ఆగి, తిని, ఈకలు మార్చుకునే బురద మేటలు ఇక్కడ ఉన్నాయి. ఈ తీరంలో ఉన్న వలస పక్షుల స్థావరాలను 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఇదే తీరంలో బురదను కట్టలు కట్టి పొలాలుగా, చెరువులుగా మార్చేవారు. వ్యాపారం కోసం సముద్రతీరాన్ని పూడ్చే కొత్త ప్రాజెక్టులను 2018లో చైనా ప్రభుత్వం నిలిపివేసింది.

ఈ చోటు పనిచేసే తీరు తెలియకుండా వెళితే డబ్బు బురదలో పోసినట్లే. ఆటు వేళ సముద్రపు నీరు వెనక్కు తగ్గినప్పుడు పక్షులు కిలోమీటర్ల దూరంలో చుక్కల్లా ఉంటాయి. పోటు వచ్చి మేటలు మునిగినప్పుడు అవి కట్ట దాటి లోపలికి వచ్చి కాళ్ళు ఆన్చుకోవడానికి చోటు వెతుక్కుంటాయి. అందుకోసమే కట్ట లోపల 720 మూ, అంటే సుమారు 48 హెక్టార్ల చేపల చెరువుల భూమిని 2020లో పక్షులకు వదిలారు. కాబట్టి మనకు కావలసినది ఉదయం వేళ వచ్చే పెద్ద పోటు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు పోటు ఎక్కువగా ఉంటుంది కనుక, ముందు పంచాంగం, తరువాత పోటుల పట్టిక చూసి, ఆ తరువాతే విమానం టికెట్ కొనండి. అక్టోబరు 1 నుండి వచ్చే జాతీయ సెలవుల వారంలో మాత్రం పోటు ఎంత బాగున్నా వెళ్ళవద్దు, రైలులో చోటు దొరకదు.

అక్కడికి మేము వెళ్ళింది ఒక్క పక్షి కోసం. దాని పేరు స్పూన్ బిల్డ్ శాండ్‌పైపర్. మన తెడ్డుమూతి కొంగ ఉన్నట్లే, దీన్ని తెడ్డుమూతి ఉల్లంకి అనవచ్చు. పిచ్చుకకన్నా కాస్త పెద్దది. రష్యా ఈశాన్య కొసన చుకోట్కాలో గుడ్లు పెట్టి, బంగ్లాదేశ్, బర్మా తీరాల దాకా వస్తుంది. ప్రపంచంలో మిగిలినవి కొన్ని వందలే. పేరు విన్నవారు గరిటె కనిపిస్తే చాలు గుర్తుపట్టవచ్చు అనుకుంటారు, నేనూ అనుకున్నాను. తీరా చూస్తే పక్క నుండి ఆ ముక్కు మామూలు ఉల్లంకి ముక్కులాగే ఉంటుంది. పక్షి మనవైపు తిరిగితేనే కొసన గరిటె తెలుస్తుంది, అదీ బురద అంటకుండా ఉంటే. పులికాట్‌లో లిటిల్ స్టింట్‌లనే చిన్న ఉల్లంకుల గుంపును స్పాటింగ్ స్కోపులో, అంటే దూరపు పక్షులను చూపే దుర్భిణిలో, పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ పోయినవారికి ఈ పని ఎటువంటిదో అర్థమవుతుంది. ఇక్కడ గుంపు వేలల్లో ఉంటుంది, గాలికి ఒకసారి లేచి మళ్ళీ వాలితే లెక్క మొదటికి వస్తుంది.

మొదటి రెండు రోజులు ఏమీ దొరకలేదు. పది గంటలు దాటితే బురద మీద ఎండ ఆవిరి లేచి, స్కోపులో పక్షులన్నీ నీటి అడుగున ఉన్నట్లు వణుకుతాయి. ఆ సమయంలో ఎంత ఖరీదైన లెన్స్ అయినా పదును చూపదు. త్యావోజినీకి బలమైన స్పాటింగ్ స్కోపు ముందు, కెమెరా తరువాత. నా దగ్గర స్కోపు ఒకటే ఉండడం వల్ల బావగారూ నేనూ వంతులు వేసుకున్నాము.

ఈ రెండింటితో చైనా అయిపోదు. పోయాంగ్ సరస్సుకు శీతకాలంలో ప్రపంచంలోని సైబీరియన్ క్రేన్‌లు దాదాపు అన్నీ వస్తాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 2002 తరువాత కనిపించకుండా పోయిన ఆ తెల్లని పక్షిని చూడాలన్న కోరిక తీరనివారు డిసెంబరులో అక్కడికే వెళ్ళాలి, నా తరువాతి ప్రయాణమూ అదే. 1981లో ఏడే ఏడు మిగిలి కనిపించిన క్రెస్టెడ్ ఐబిస్ ఈనాడు షాన్షీ ప్రావిన్స్ యాంగ్‌షియాన్‌లో వరి మళ్ళల్లో నడుస్తున్నది. సిచువాన్‌లో బాలాంగ్ కనుమ మీద మోనాల్ అనే నెమలికోళ్ళు ఉన్నాయి కాని, 4,000 మీటర్లు దాటిన ఎత్తులో ఊపిరి ఆడని వారు ఆలోచించుకోవాలి.

మన దేశం నుండి వెళ్ళేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. గైడ్లు, మాటుల యజమానులు అందరూ వీచాట్‌లోనే మాట్లాడతారు, ఆ యాప్ మన దేశంలో 2020 నుండి నిషేధంలో ఉంది. అందుచేత ఇంగ్లీషు తెలిసిన గైడును ఈమెయిల్ ద్వారా ముందుగానే కుదుర్చుకోవడం మేలు. చెల్లింపులకు అలీపేలో మన కార్డు జోడించుకోవచ్చు, కొండ ఊళ్ళ కోసం కొంత నోట్లు ఉంచుకోండి. గూగుల్ మ్యాప్ మీద ఆధారపడకండి. నేను మొదటి రోజే పోగొట్టుకున్నది పవర్ బ్యాంక్. చైనా లోపలి విమానాల్లో 3సీ అనే చైనా భద్రతా ధ్రువీకరణ ముద్ర లేని పవర్ బ్యాంకులను 2025 జూన్ 28 నుండి అనుమతించడం లేదు. ఒక ఊళ్ళో రాత్రి పదకొండు గంటలకు, విదేశీయులకు గది ఇవ్వబోమని చెప్పి ఒక హోటల్‌వారు మమ్మల్ని మెట్ల మీద నుండే పంపేశారు కనుక, బుక్ చేసేటప్పుడే ఈ సంగతి అడిగి తేల్చుకోండి. 2020లో ఆగిపోయిన, మన దేశం నుండి చైనాకు నేరుగా వెళ్ళే విమానాలు 2025 అక్టోబరు చివరలో కోల్‌కతా నుండి గ్వాంగ్‌జౌకు తిరిగి మొదలయ్యాయి.

వారం రోజులు మాత్రమే సెలవు ఉండి, ఇంటి గోడకు ఫొటోలు కావాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లో బైహువాలింగ్‌కు వెళ్ళండి. చేతులు ఖాళీగా తిరిగి రారు. నన్ను మళ్ళీ ఎక్కడికి వెళతావని అడిగితే మాత్రం త్యావోజినీ అంటాను. మూడవ రోజు ఉదయం పోటు నిండుగా ఉన్నప్పుడు స్కోపు వంతు బావగారిది. ఆయన చాలాసేపు కదలకుండా ఉండి, "ఇదిగో, దీని మూతికి గరిటె ఉంది" అన్నారు. నేను నమ్మలేదు. కళ్ళు పెట్టి చూస్తే, ఎర్రమెడ స్టింట్‌ల మధ్య అది నేరుగా మావైపు తిరిగి నిలబడి ఉంది. కొసన నల్లని చిన్న బిళ్ళ, దాని మీద అంటుకున్న బురద కూడా కనిపించింది. కెమెరా బిగించి నాలుగు ఫ్రేములు తీసేలోపు గుంపు మొత్తం లేచిపోయింది. వాటిలో కాస్త మెరుగైనది ఇప్పుడు తెర మీద పెడుతున్నాను. ఎడమ నుండి మూడవది, కొంచెం పైన. వేలు పెట్టి చూపిస్తే తప్ప మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ కనిపించలేదు.