కట్టడి ప్రవర్తనకా, మనసుకా?

అందరికీ నమస్కారం.

పిల్లల పెంపకం మాట వస్తే మనం ఎక్కువగా అడిగేది ఒకటే: గట్టిగా ఉండాలా, చూసీచూడనట్టు పోవాలా? ప్రేమ ఎక్కువైతే క్రమశిక్షణ పోతుందని మనం ముందే నమ్మేసి ఈ ప్రశ్న వేస్తాం. నా ఉద్దేశంలో చిక్కంతా ఆ నమ్మకంలోనే ఉంది.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వవేత్త 1960లలో నర్సరీ వయసు పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రుల్నీ దగ్గరగా గమనించారు. కొందరు ‘చెప్పింది చెయ్, ఎందుకని అడగకు’ అంటారు. కొందరు దేనికీ కాదనరు. ఇంకొందరు నియమం పెట్టి దానిమీద నిలబడతారు, కానీ ఎందుకో చెబుతారు, పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే వింటారు. తమను తాము అదుపులో పెట్టుకోవడం, చొరవగా కలిసిపోవడం ఈ చివరి రకం తల్లిదండ్రుల పిల్లల్లో ఎక్కువగా కనిపించాయి. 1983లో ఎలియనార్ మెకోబీ, జాన్ మార్టిన్ అనే మనస్తత్వవేత్తలు నాలుగో రకాన్ని చేర్చారు: నియమాలూ ఉండవు, పట్టించుకోవడమూ ఉండదు. పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. ఆప్యాయత, అదుపు రెండూ వేర్వేరు కొలతలని ఈ విభజనతో స్పష్టమైంది. రెండూ ఒకే ఇంట్లో నిండుగా ఉండొచ్చు.

అయితే అదుపులోనూ రెండు రకాలున్నాయి. ఈ తేడాను మనం పట్టించుకోవడం లేదని నా బాధ. ‘చీకటి పడేలోపు ఇంటికి రావాలి, ఎవరితో వెళ్తున్నావో చెప్పాలి’ అనడం ప్రవర్తనకు హద్దు పెట్టడం. మార్కులు తగ్గాయని రెండు రోజులు మాట్లాడటం మానేయడం, ‘నీకోసం ఇంత చేస్తే ఇదా నువ్విచ్చేది’ అనడం, పిల్లవాడు భయమేస్తోందంటే ‘అదేం భయం’ అని కొట్టిపారేయడం పిల్లల మనసుకే పగ్గం వేయడం. 1990లలో బ్రయాన్ బార్బర్ వంటి పరిశోధకులు టీనేజ్ పిల్లల విషయంలో ఈ రెండింటినీ విడదీసి చూశారు. హద్దులు, ఆరా లేని చోట అల్లరిచిల్లర పనులు ఎక్కువ. మనసును కట్టడి చేసే చోట దిగులు, ఆందోళన ఎక్కువ. చేయి చేసుకోని, కేక కూడా వేయని ఇంట్లోనూ ఈ రెండోది జరుగుతుంది. అందుకే బయటివాళ్లకు కనబడదు. ఆ పిల్లవాడు బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకుంటూ ఉంటారు కూడా.

తల్లిదండ్రుల మీదే భారమంతా మోపడం నాకిష్టం లేదు. అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మానసిక వైద్యులు న్యూయార్క్‌లో 1956 నుంచి పిల్లల్ని పసితనం నుంచే ఏళ్ల తరబడి గమనించారు. కొందరు మొదటి నుంచీ నెమ్మది, కొందరు ప్రతిదానికీ ఎదురు తిరిగేవాళ్లు. మొండిగా ఉండే పిల్లలతో వేగలేక పెద్దవాళ్ల గొంతు పెరగడమూ జరుగుతుంది. కాబట్టి పెంపకం వల్లే పిల్లలు అలా తయారయ్యారని చెప్పే ముందు ఆగి ఆలోచించాలి. అన్నదమ్ములిద్దరికీ ఒకే పద్ధతి సరిపోకపోవచ్చు.

నియమం పెడితే దానికి కారణం కూడా చెప్పండి, కానీ అది పిల్లలు ఏడుస్తున్నప్పుడు కాదు. అప్పుడు ఏ మాటా చెవికెక్కదు. శాంతించాక రెండు వాక్యాల్లో చెప్పండి, ఉపన్యాసం వద్దు. టీనేజ్ పిల్లలతోనైతే ఏ నియమం మారదో, ఏది మాట్లాడి మార్చుకోవచ్చో ముందే తేల్చుకోండి. కోపంలో మాట జారితే, టెన్షన్ తగ్గాక వెనక్కి వెళ్లి ‘అలా అనకుండా ఉండాల్సింది, కానీ నియమం మాత్రం అదే’ అనండి.

మీ ఇంట్లో ఏ నియమం దగ్గర గొడవ మొదలవుతోందో చెప్పండి. అక్కడి నుంచే మాట్లాడుకుందాం.