బీసీజీ ఎక్కించుకున్నాక జ్వరం వస్తే

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లు పెద్ద జబ్బంటే విశాఖపట్నం బయల్దేరతారు, లేదంటే బరంపురం. మూత్రాశయం క్యాన్సర్‌కైనా అంతే. గడ్డ పైపొరల్లోనే ఉంటే గొట్టం పెట్టి గీకి తీసేస్తారు. మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువనుకుంటే వారానికొకసారి, ఆరు వారాలు, మూత్రాశయంలోకి బీసీజీ ఎక్కిస్తారు. పసిపిల్లల భుజానికి వేసే టీకా ఉందే, అదే. మోతాదు మాత్రం చాలా ఎక్కువ. 1976లో కెనడా డాక్టరు అల్వారో మొరాలెస్ ఈ వైద్యం ఫలితాలు ప్రకటించారు. ఇప్పటికీ దీన్ని మించింది పెద్దగా రాలేదు.

అయితే ఇది ప్రాణమున్న క్రిమి. పశువుల క్షయ క్రిమిని బలహీనపరిచి తయారుచేసింది. మూత్రాశయం లోపల గాయం ఉంటే రక్తంలోకి దిగిపోగలదు. అందుకే గడ్డ తీశాక కనీసం రెండు వారాలు ఆగుతారు. ఎక్కించాల్సిన రోజు మూత్రంలో రక్తం కనిపించినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, గొట్టం పెట్టేటప్పుడు గీసుకుపోయినా వాయిదా వేస్తారు. 'ఇంత దూరం బస్సు ఛార్జీలు పెట్టుకొని వచ్చాం, ఎక్కించేయండి బాబూ' అని పట్టుబట్టకండి.

ఎక్కించాక ఒకటి రెండు రోజులు మంట, మాటిమాటికీ మూత్రం, ఒళ్లు వెచ్చబడటం మామూలే. చలి వణుకుతో జ్వరం వచ్చినా, 101 దాటి తగ్గకపోయినా, ఆయాసం, పచ్చకామెర్లు, వృషణాల్లో వాపు కనిపించినా టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకూడదు. ఇలాంటివి అరుదే. కానీ వస్తే ఈ క్రిమి ఊపిరితిత్తులు, కాలేయం, వెన్నుపూస, దేన్నైనా పట్టుకోవచ్చు. నెలల తర్వాతా రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు.

మన వైపు చిక్కేమిటంటే, చలిజ్వరం అనగానే మలేరియా అనుకుంటాం. పరీక్ష చేయించండి, తప్పులేదు. కానీ మూత్రం సంగతి నలుగురిలో ఎలా చెప్పడమని పెద్దాయన బీసీజీ మాట మింగేస్తాడు. సెలైన్ ఎక్కించి పంపేస్తారు. చూసే డాక్టరు ఒడియా ఆయనైనా, తెలుగాయనైనా, 'మూత్రాశయంలో బీసీజీ ఎక్కించారు' అన్న మాట ముందు చెప్పండి. డిశ్చార్జి కాగితం ఫోటో తీసి కొడుకు ఫోన్లోనూ ఉంచండి.

టీబీ కేంద్రంలోనైతే ఇది మరీ ముఖ్యం. మామూలుగా చేసే జీన్ పరీక్షలో ఈ క్రిమికీ అసలు క్షయ క్రిమికీ తేడా తెలియదు. టీబీ మందుల్లో ఒకటైన పైరజినమైడ్ బీసీజీ మీద పనిచేయదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబుటాల్ పనిచేస్తాయి. ఏది, ఎన్ని నెలలనేది డాక్టరే చెప్పాలి. ఇంకోటి, రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. క్యాన్సర్ మళ్లీ వచ్చి రక్తం పడుతోందని బెదిరిపోయి మందు ఆపేయకండి. అనుమానముంటే మూత్రం పరీక్ష చేయించండి, రక్తమో రంగో తేలిపోతుంది.