ఫౌండేషన్ ఫీజు కట్టే ముందు

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు, పనులు మానుకుని వాళ్లతో వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం.

మన శ్రీకాకుళం వైపు పిల్లలు ఇదివరకు బీటెక్ అయ్యాక ఎమ్మెస్‌కి వెళ్లేవారు. ఇప్పుడు ఇంటర్ అవుతూనే వెళ్తామనే వాళ్లు కనిపిస్తున్నారు. అలా వెళ్లేవాళ్లకు ముందుగా వినిపించే మాట ఫౌండేషన్ ఇయర్, అంటే విదేశంలో డిగ్రీలో చేరే ముందు చదివే ఒక ఏడాది కోర్సు. నేను ఆ కోర్సుకు వ్యతిరేకిని కాను. అది నిజంగా అవసరమైన పిల్లలున్నారు. కానీ అవసరమా కాదా తేల్చుకోకుండా, అది పూర్తయ్యాక ఏమవుతుందో అడగకుండా పొలం తాకట్టు పెట్టే తల్లిదండ్రుల గురించే నా బెంగ.

అసలు ఈ కోర్సు ఎందుకు పుట్టింది? ఇంగ్లండులో పిల్లలు 13 ఏళ్లు బడి చదువు చదివి యూనివర్సిటీలో చేరతారు. చివరి రెండేళ్లు ఎ-లెవెల్స్. అందులో సాధారణంగా మూడు సబ్జెక్టులే, లోతుగా చదువుతారు. మనకు ఇంటర్‌తో 12 ఏళ్లు. ఆ తేడా పూడ్చడానికి, ఇంగ్లిష్‌లో రాసే అలవాటు చేయించడానికి ఒక ఏడాది పెట్టారు. ఇది మనకు వింతేమీ కాదు. మీ తాతల కాలంలో డిగ్రీకి ముందు పీయూసీ, అంటే ప్రీ-యూనివర్సిటీ కోర్సు ఉండేది. మన ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ఇవాళ్టికీ పదో తరగతి పాసైన పిల్లలకు మొదటి రెండేళ్లు పీయూసీ, ఆ తర్వాత నాలుగేళ్లు ఇంజినీరింగ్.

అయితే, బ్రిటన్‌లో చాలా యూనివర్సిటీలు ఇంటర్‌లో మంచి మార్కులుంటే నేరుగా డిగ్రీలోకే తీసుకుంటాయి. ఎంత శాతం కావాలన్నది యూనివర్సిటీని బట్టి, కోర్సును బట్టి మారుతుంది. కొన్ని చోట్ల సీబీఎస్‌ఈ వాళ్లకు ఒక శాతం, రాష్ట్ర బోర్డుల వాళ్లకు అంతకంటే ఎక్కువ అడుగుతారు. ఆ వివరం యూనివర్సిటీ వెబ్‌సైటులో భారతదేశం పేజీలో ఉంటుంది. కన్సల్టెన్సీ మాట విన్నాక అయినా సరే, ఆ పేజీ మీరే తెరిచి చదవండి. మీ అమ్మాయికి నేరుగా సీటు వచ్చే మార్కులుంటే ఫౌండేషన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు. స్కాట్లండులో ఆనర్స్ డిగ్రీయే నాలుగేళ్లు, కాబట్టి అక్కడి లెక్క వేరు. అదీ చూసుకోండి.

మార్కులు చాలలేదు, లేదా సబ్జెక్టు మారాలి. అప్పుడు ఫౌండేషన్ సరైన దారే. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవాల్సిన కాగితం ఒకటుంది. బ్రోచర్ మీద యూనివర్సిటీ పేరు పెద్దగా ఉంటుంది. పాఠం చెప్పేది చాలాచోట్ల ఆ యూనివర్సిటీతో ఒప్పందం ఉన్న ప్రైవేటు సంస్థ. అందులో తప్పు లేదు. కానీ ఫౌండేషన్ పాసవడం వేరు, డిగ్రీలో సీటు రావడం వేరు. మొత్తం మీద ఇంత శాతం, లెక్కల్లో ఇంత, ఇంగ్లిష్‌లో ఇంత అని ప్రతి డిగ్రీకీ విడిగా షరతులు రాసి ఉంటాయి. బిజినెస్‌కి సరిపోయిన మార్కులు ఇంజినీరింగ్‌కి చాలకపోవచ్చు. చాలకపోతే ఏం చేస్తారు? మళ్లీ పరీక్ష రాయనిస్తారా? వేరే కోర్సులోకి పంపుతారా? ఆ సర్టిఫికెట్‌ను ఇంకో యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? ఈ ప్రశ్నలకు జవాబు నోటిమాటగా వద్దు, ఈమెయిల్‌లో రాయించుకోండి.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. చాలాచోట్ల ఈ ఒక్క ఏడాది ఫీజే 15 వేల పౌండ్లు దాటుతుంది. పౌండు 110 రూపాయలనుకున్నా 16 లక్షల పైమాటే. తిండి, గది అద్దె వేరే. డిగ్రీ మూడేళ్లు ఇంకా మొదలే కాలేదు. పైగా "పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే" అనే ధీమా ఒకటి. బ్రిటన్ స్టూడెంట్ వీసా మీద డిగ్రీ చదివేవాళ్లకు సాధారణంగా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల పని అనుమతి. డిగ్రీ కంటే కింది స్థాయి కోర్సుకు 10 గంటలే. డిగ్రీతో కలపకుండా విడిగా చదివే ఫౌండేషన్ ఆ కింది స్థాయిలోదే. ఆ పది గంటల జీతంతో ఫీజు తీరదు బాబూ.

జర్మనీలో ఇదే ఏర్పాటును స్టూడియెన్‌కొలెగ్ అంటారు. రెండు సెమిస్టర్లు. ప్రభుత్వానివైతే చాలావరకు ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ చేరడానికే జర్మన్ భాష బాగా రావాలి, ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవాళ్లకు లెక్కలు, ఫిజిక్స్ ఉండే టి-కోర్సు. చివరి పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి మామూలుగా ఒక్క అవకాశమే. స్టూడియెన్‌కొలెగ్ లేకుండా ఇంకో దారి ఉంది, దాని గురించి మన దగ్గర తక్కువమందికి తెలుసు. ఇక్కడే గుర్తింపు ఉన్న యూనివర్సిటీలో ఒక ఏడాది డిగ్రీ పాసైతే, అదే సబ్జెక్టులో నేరుగా దరఖాస్తు పెట్టుకునే వీలుంటుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసైనవాళ్లకు కూడా టెక్నికల్ కోర్సుల్లో అలాంటి వీలుంది. ఏది ఎంచుకున్నా 2022 నవంబరు నుంచి జర్మనీ వెళ్లే మన విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన చదువు కాగితాలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చే పత్రం, సాధారణంగా తప్పనిసరి.

ఇక పిల్లలతో ఒక మాట. ఆ ఏడాదిలో మీకు నేర్పేది ముఖ్యంగా చదివే పద్ధతి. రెండు వేల పదాల వ్యాసం రాయాలి. నాలుగు పుస్తకాలు చదివి, ఎవరు ఏమన్నారో పేరుపెట్టి చెప్పి, ఆపైన మీ అభిప్రాయానికి కారణాలు చూపాలి. మెటీరియల్‌లోది దించితే కాపీ కొట్టినట్టు లెక్క, మార్కులు పోతాయి. పదిమంది కూర్చున్న క్లాసులో మేడమ్ చెప్పినదాన్ని ఒప్పుకోకపోతే ఆ మాట అనాలి. మన దగ్గర ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో బిట్లు బట్టీపట్టిన పిల్లలకు అక్కడ టెన్షన్ వచ్చేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి. వంశధార వరదల మీదో, ఉద్దానం కిడ్నీ జబ్బుల మీదో వారానికి ఒక పేజీ ఇంగ్లిష్‌లో సొంతంగా రాసి మీ లెక్చరర్‌కి చూపించండి. విదేశం వెళ్లినా వెళ్లకపోయినా ఈ పని ఈ వారమే మొదలుపెట్టవచ్చు, ఖర్చు లేదు.

ఆఫర్ లెటర్లు వచ్చినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలిసింది. ముందుకు రండి. సీటుకు కావలసిన మార్కులు రాసి ఉన్న పేజీ తీసి పెట్టుకోండి, ఒక్కొక్కటీ కలిసి చదువుదాం.