పక్షవాతం తరువాత చేతికి నేర్పే పని, ఆ రాత్రి నిద్ర

పెద్దలకు, వారిని వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబసభ్యులకు నమస్కారం.

ఈ సాయంత్రం ఇక్కడికి వచ్చినవారిలో పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారు చాలామంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. అందుకే ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను: పగలు ఫిజియోథెరపీలో చేతికి నేర్పిన కదలిక ఆ రాత్రి నిద్రలో ఏమవుతుంది?

2002లో నిద్ర పరిశోధకుడు మాథ్యూ వాకర్ బృందం యువతీయువకులకు, అలవాటు లేని చేతి వేళ్లతో, ఒక మీటల వరుసను వేగంగా నొక్కడం నేర్పింది. రాత్రి నిద్రపోయి లేచాక, మధ్యలో ఏ సాధనా లేకుండానే, వారి వేగం సుమారు 20 శాతం పెరిగింది. అంతే వ్యవధిని పగలు మెలకువగా గడిపినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఈ లాభం రాత్రి చివరి భాగంలో వచ్చే రెండో దశ నిద్రతో, అంటే అంత గాఢం కాని తేలికపాటి నిద్రతో, ముడిపడి ఉందని వారు గుర్తించారు. స్లీప్ స్పిండిల్స్ అనే మెదడు తరంగాలు ఎక్కువగా కనిపించేది ఈ దశలోనే, వయసు పెరిగేకొద్దీ అవి తగ్గిపోతాయి. 2007లో రెబెకా స్పెన్సర్ బృందం పరీక్షించిన వృద్ధులలో నిద్ర వల్ల అటువంటి లాభం కనిపించలేదు. 2011లో వచ్చిన మరో అధ్యయనం మాత్రం వృద్ధులకూ మేలు కనిపించిందన్నది. ఉదయం కనిపించే మెరుగుదలలో కొంత, ముందురోజు సాధన అలసట తీరడమేనన్న వాదన కూడా ఉంది, దానిని తీసిపారేయలేము.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది పరిశోధకులు కేథరిన్ సియెంగ్సుకన్, లారా బాయిడ్ 2009లో ప్రచురించిన ఫలితం. పక్షవాతం వచ్చినవారిలో, నేర్చుకున్న చేతి నైపుణ్యం నిద్ర తరువాత మెరుగుపడింది. అదే వయసు ఆరోగ్యవంతులలో మెరుగుపడలేదు. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పకూడదు కానీ, దెబ్బతిన్న మెదడుకు నిద్ర మరింత అవసరమేమోనన్న ఆలోచనను వైద్యులు, కుటుంబసభ్యులు గట్టిగా పట్టించుకోవాలని నా అభిప్రాయం.

మన దగ్గర ఎన్నిసార్లు వ్యాయామం చేశారని అడుగుతారే తప్ప రాత్రి ఎలా నిద్రపోయారని అడిగేవారు తక్కువ. భుజం నొప్పి, పదేపదే మూత్రానికి లేవడం, మే నెలలో విజయవాడ రాత్రులలో తగ్గని ఉక్క, ఇవన్నీ నిద్రను ముక్కలు చేస్తాయి. పక్షవాతం వచ్చినవారిలో సగానికి పైగా నిద్రలో శ్వాస ఆగి ఆగి వచ్చే సమస్య ఉంటుంది, దానికి చికిత్స ఉంది. పెద్ద గురక, మధ్యలో ఉక్కిరిబిక్కిరి కావడం గమనిస్తే నిద్ర పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. సొంతంగా నిద్రమాత్రలు మాత్రం మొదలుపెట్టవద్దు. ఈ వయసులో వాటి మత్తు వల్ల పడిపోయి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది.