పేరు మార్చాను, కారు నంబరు మార్చలేదు

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు ఏటా పిలుస్తున్నారు, ఏటా వస్తున్నాను. ఈసారి ‘నిజ జీవితంలోని ప్రముఖులు, కథల్లో పాత్రలు’ అని అంశం ఇచ్చారు. చట్టం గురించి కాసిని కాగితాలు రాసుకొచ్చాను.

సినిమా మొదట్లో కార్డు పడుతుంది చూడండి, ‘ఇందులోని పాత్రలన్నీ కల్పితం’ అని. దాని వెనకాల ఒక కేసు ఉంది. రష్యాలో జారు చక్రవర్తి కుటుంబం దగ్గర పలుకుబడి సంపాదించిన రాస్‌పుటిన్ అనే సాధువుని 1916లో చంపినవాళ్లలో యూసుపోవ్ అనే రాకుమారుడు ఒకడు. 1932లో హాలీవుడ్‌లో ఎంజీఎం వాళ్లు ఆ కథ తీశారు. నటాషా అనే రాకుమారిని రాస్‌పుటిన్ చెరిచినట్టు చూపించారు. యూసుపోవ్ భార్య ఇరీనా, ఆ నటాషా నేనేనని జనం అనుకుంటున్నారంటూ లండన్‌లో దావా వేసింది. 25,000 పౌండ్ల పరిహారం వచ్చింది. 1934లో అప్పీలులోనూ ఆమే గెలిచింది. ఆ దెబ్బ తర్వాతే ఇలాంటి కార్డులు వేయడం మామూలైంది.

పేరు మారిస్తే చాలని నేనూ నమ్మినవాణ్ణే.

ముప్పై ఏళ్ల కిందట మా వైపు సమితి ప్రెసిడెంటుగా చేసిన ఒక పెద్దాయన మీద కథ రాశాను. అప్పటికే ఆయన పోయారు. పేరు మార్చాను, ఊరు మార్చాను. తెల్ల అంబాసిడర్ కారు మాత్రం ఉంచాను. ఎలక్షన్ ఖర్చుకి ఆయన భార్య చేతి గాజులు లాక్కున్నాడని ఒక్క వాక్యం కల్పించాను. కథ రక్తి కట్టిందని అందరూ మెచ్చుకున్నారు.

రెండు వారాలకు ఆయన కూతురు మా ఇంటికొచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన పేజీ తీసింది. ఒక్క వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత. మంచినీళ్లిస్తే ముట్టుకోలేదు.

“లంచాల సంగతి రాశారు, అది ఊరందరికీ తెలుసు. దానికోసం రాలేదు మాస్టారూ. ఆ గాజులు అమ్మే ఇచ్చింది. రావట్లేదని సబ్బు రాసుకుని మరీ తీసింది. నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడు గుడికెళితే అందరూ అమ్మ చేతులవంక చూసి జాలిపడుతున్నారు.”

కల్పన కదమ్మా, పేరు కూడా మార్చాను అన్నాను.

“మరి కారు నంబరు మార్చలేదేం?”

నిజమే. నాలుగంకెలూ అలాగే ఉన్నాయి. చదవగానే గుర్తుపట్టాలనే ఉంచాను. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

కాగితాల్లోకి వస్తాను. 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు రాసింది మన తెలుగాయన, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు. హత్య కేసుల్లో ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథను ఒక తమిళ పత్రిక వేయబోతే అధికారులు అడ్డుపడ్డారు. అచ్చుకు ముందే ఆపే హక్కు మీకు లేదన్నారాయన. పబ్లిక్ రికార్డులో ఉన్నది రాసుకోవచ్చు, అధికారి ఉద్యోగంలో చేసిన పనుల మీదా రాయొచ్చు. కాపురం, పిల్లలు లాంటి సొంత విషయాల్లోకి మాత్రం అనుమతి లేకుండా పోకూడదన్నారు. పోయినవాళ్ల మాటకొస్తే, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఒక వివరణ ఉంది. కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో పోయినవాళ్ల మీద నింద వేస్తే అదీ పరువు నష్టం కావచ్చు. నాకా ఉద్దేశం లేదు కాబట్టి కోర్టులో బయటపడేవాణ్ణేమో. ఆవిడ ముందు మాత్రం నోరు పెగల్లేదు.

అల్లూరి, కొమురం భీం స్నేహితులైనట్టు 2022లో సినిమా వచ్చింది. ఆ స్నేహం మీద నాకు పేచీ లేదు, దానివల్ల ఎవరికీ మచ్చ రాదు. కానీ 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన మనిషికి తెల్లదొరల పోలీసు యూనిఫాం తొడగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంకా రెండు కాగితాలున్నాయి, వదిలేస్తాను. మీతో ఒక పని ఉంది. ఆ కథ నా మొదటి సంపుటిలో ఉంది. పాత ప్రతి మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే, దయచేసి 57వ పేజీ తీయండి. కింద నుంచి మూడో లైను, గాజుల వాక్యం. పెన్నుతో కొట్టేయండి. కారు నంబరు కూడా. ఈ లైబ్రరీలో ఒక ప్రతి ఉందని పొద్దున రిజిస్టర్‌లో చూశాను. లైబ్రేరియన్ గారూ, మీరు ఒప్పుకుంటే కిందికి దిగగానే అది నేనే కొట్టేస్తాను.