ఆడపిల్ల కాదన్నప్పుడు

సభకు నమస్కారం. కూతురు ‘కాదు’ అన్నప్పుడు ఇంట్లో ఎలా మాట్లాడుకోవాలో చెప్పుకుందాం. నాన్నలు వెనక వరుసల్లో సర్దుకున్నారు గానీ, ఈ మాటల్లో సగం వారికోసమే.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. అక్కడి ఖద్దరు ప్రదర్శనలో టిక్కెట్లు చూసే పని రాజమండ్రి అమ్మాయి దుర్గాబాయిది, తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా మనకు తెలిసినావిడే. టిక్కెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె గుమ్మంలోనే ఆపేసింది. నిర్వాహకులు మందలించినా, టిక్కెట్టు కొన్నాకే లోపలికి పంపింది. నెహ్రూ మెచ్చుకున్నారు కూడా. బాల్యంలో తనకు చేసిన పెళ్లిని వయసు వచ్చాక ఆమె కాదంటే తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. ఆ ఇంట్లో ఆడపిల్ల మాటకు విలువ ఉండేదన్నమాట.

మన ఇళ్లకు వద్దాం. దాళ్వాలో, అంటే రెండో పంట వరికి, నీరు తగ్గితే కాలువ వంతుల దగ్గర రైతులు గొంతులు చించుకుంటారు. మర్నాడు అదే గట్టున కలిసి టీ తాగుతారు. నాన్న వెంట పొలం వెళ్లే కొడుకు ఈ రెండూ చూస్తాడు. కూతురికి కనబడేది పెద్దవాళ్లు మాట్లాడుకోవడం మానేసిన ఇల్లు. అందుకే ఇంటర్లో నాన్న ఎంపీసీ అంటే, తనకు ఇష్టం లేని పిల్ల అన్నం మానేస్తుంది. అమ్మ రాయబారం నడుపుతుంది. అమ్మలూ, కోపగించుకోకండి, ఆ రాయబారం మానండి. నాన్నకు ఎదురుగా కూర్చుని తన కారణాలు తనే చెప్పనివ్వండి. గొంతు వణికినా ఫరవాలేదు.

కొన్ని పద్ధతులు నేర్పవచ్చు. గ్రూపు గురించి మాట్లాడుతూ పోయిన సంక్రాంతి గొడవ తవ్వకూడదు. కోపం మరీ ఎక్కువైతే ‘రేపు భోజనాలయ్యాక మాట్లాడదాం’ అని లేవవచ్చు, కానీ రేపు తప్పకుండా కూర్చోవాలి. ఆమె మాట నెగ్గకపోతే కారణం చెప్పాలి. అప్పుడప్పుడు నాన్న కూడా ‘నువ్వు చెప్పిందే సబబు’ అనాలి. అవతలివాడు చెయ్యి ఎత్తినా, బెదిరించినా ఈ పద్ధతులేవీ వర్తించవు. అక్కడ ఓర్పు నేర్పకండి. వెంటనే బయటకు వచ్చి మనకు చెప్పమనండి.

కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అయినా వాటా అడిగిన ఆడపడుచుకు పుట్టింటి గుమ్మం మూసుకుపోయిన ఊళ్లు ఈ డెల్టాలో ఎన్ని లేవు? చదువు విషయంలోనే తండ్రితో తిన్నగా మాట్లాడనివ్వని పిల్ల, రేపు పొలం విషయం అన్నదమ్ములతో ఎలా మాట్లాడుతుంది? నోరు మూసుకుని సంతకమైనా పెడుతుంది, కోర్టు మెట్లైనా ఎక్కుతుంది.